కార్డు మార్చిన ఆదివారం

నాకు ముక్కు మీద కోపం అంటారు. అనేవాళ్ళలో మొదటిది నా మాజీ భార్య. తర్వాత ఆవిడ తరఫు బంధువులందరూ, చివరికి నాతో పాటు లిఫ్టులు రిపేరు చేసే బట్టతల కూడా. వాళ్ళతో వాదించి లాభం లేదని వదిలేశాను. నా గొంతే పెద్దది. లిఫ్టు గుంతలో నిలబడి పన్నెండో అంతస్తులో ఉన్న మనిషికి వినపడేలా అరవడం ఇరవై ఏళ్ళుగా అలవాటైపోతే, ఇంట్లో మెల్లగా మాట్లాడమంటే ఎక్కణ్ణుంచి వస్తుంది? ఫోను గోడకేసి కొట్టిన మాట నిజమే. ఒకే ఒక్కసారి. అది అప్పటికి ఎనిమిదేళ్ళున్న మా అమ్మాయి చేతిలోంచి లాక్కున్న ఫోను కావడం, దాని చెవి పక్కనుంచే వెళ్ళడం నా ఖర్మ. తగిలింది గోడకి, దానికి కాదు. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ చెవిన వేసుకోలేదు.

ఇప్పుడు అమ్మాయికి పదమూడు. వాళ్ళమ్మతోనూ, వాళ్ళమ్మ మళ్ళీ పెళ్ళి చేసుకున్న మనిషితోనూ వేరే ఊళ్ళో ఉంటోంది. ఆయనకి మందుల షాపు ఉందట. నేను చూడలేదు, చూడాలనీ అనుకోలేదు. అమ్మాయి ఆయన్ని అంకుల్ అని పిలుస్తుందని ఎవరో చెప్పారు. ఆ మాట విన్న రోజు హాయిగా నిద్రపోయాను.

నాకూ దానికీ మిగిలింది ఆదివారం మధ్యాహ్నం మూడు నుంచి ఐదు వరకు, అదీ కంప్యూటర్ ఆటలో. ఆ ఆటలో ఒక దీవి ఉంటుంది. కట్టెలు కొట్టాలి, గుడిసె కట్టుకోవాలి, చేపలు పట్టాలి, తోడేళ్ళు వస్తే చంపాలి. ఎక్కడెక్కడి ఆటగాళ్ళో అదే దీవిలో తిరుగుతుంటారు. దగ్గరికొస్తే ఒకరి మాట ఒకరికి వినపడుతుంది. కొందరు పలకరించి పోతారు, కొందరు కనిపించగానే కాల్చి ఉన్నదంతా దోచుకుంటారు. చచ్చిపోతే వట్టి చేతులతో సముద్రం ఒడ్డున మళ్ళీ మొదలుపెట్టాలి. ఇదంతా నాకు నేర్పింది అమ్మాయే. ఎదురుగా కూర్చోబెడితే నాతో పది మాటలు మాట్లాడని పిల్ల, హెడ్‌ఫోన్లు పెట్టుకుని నాతో కలిసి కట్టెలు కొడుతుంటే బడి సంగతులన్నీ చెప్పేది. వాళ్ళ లెక్కల టీచరు ఎలా తుమ్ముతుందో కూడా నాకు తెలుసు. ఏడాదిన్నర ఇలా గడిచింది. ఆ రెండు గంటల కోసమే మిగతా వారమంతా మనుషుల్ని భరించేవాణ్ణి.

వచ్చిన చిక్కల్లా నా కంప్యూటర్‌తోనే. అది ముసలిది. అందులో తెర మీద బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డు ఇంకా ముసలిది. ఆట కనీసం తెరుచుకోవాలంటే సెట్టింగులన్నీ అట్టడుగుకి దించాలి. ఆ పని అమ్మాయే చేసిపెట్టింది. ఎంత దూరం కనిపించాలన్నది కూడా బాగా తగ్గించేసింది. గుడిసె చుట్టూ ఓ యాభై అడుగులు కనిపించేది, ఆ తర్వాత అంతా తెల్లటి పొగ. పొగ అవతల ఏమున్నా కార్డు గీయదు, నాకు కనిపించదు. ఇంత చేసినా కుదుపులే. నేను తల తిప్పితే లోకం కాసేపాగి, ఆలోచించుకుని, ఒక్క గెంతు గెంతేది.

లిఫ్టు మనిషికి కుదుపంటే ఒళ్ళు మంట. లిఫ్టు అంతస్తుకి సమంగా, లోపలున్నవాళ్ళకి తెలియకుండా ఆగాలి. గోరంత తేడా వచ్చినా ముసలివాళ్ళ కాలు తట్టుకుంటుంది. అలాంటిది నా కూతురి ముందు నేనే నత్తివాడి మాటలా ఆగి ఆగి నడుస్తుంటే ఎలా ఉంటుంది? అయినా ఒక్క విషయంలో నాకు గర్వంగా ఉండేది.

"చూశావా, మన గుడిసె వైపు తోడేళ్ళు రావడమే లేదు. నా పేరు చెబితే పారిపోతున్నాయి" అనేవాణ్ణి.

"అవున్నాన్నా, నువ్వంటే హడల్ వాటికి" అని నవ్వేది.

ఒక ఆదివారం తాళ్ళ వంతెన దాటుతుంటే అమ్మాయి కాలు జారింది. చెయ్యి అందిద్దామని ముందుకెళ్ళేసరికి నా తెర బిగుసుకుపోయింది. మళ్ళీ కదిలేసరికి అది నదిలో పడి, ఈదుకుని, అవతలి ఒడ్డున కూర్చుని బట్టలు ఆరబెట్టుకుంటోంది.

"ఇక లాభం లేదు. కార్డు మార్చేస్తా" అన్నాను.

"వద్దు నాన్నా!" అంది. చాలా గట్టిగా అంది.

"ఏం?"

"ఊరికే దండగ. నాకిలాగే బావుంది. నిజంగా."

నా జేబు గురించి నా కూతురికి ఎంత ఆలోచనో అని మురిసిపోయాను. మార్చాలని అప్పుడే ఖాయం చేసుకున్నాను.

మూడు వారాలు ఆ పని మీదే ఉన్నాను. కనిపించిన వీడియోనల్లా చూశాను. లిఫ్టుల తనిఖీ కాగితాల వెనక కార్డుల పేర్లు రాసుకుని, కొట్టేసుకుని, మళ్ళీ రాసుకున్నాను. బట్టతల ఆ కాగితాలు చూసి, "పిల్లనిచ్చేవాళ్ళు కూడా ఇన్ని వాకబులు చెయ్యరు కదరా" అన్నాడు. నోర్ముయ్యమన్నాను.

చివరికి నేను లిఫ్టు చూసే మార్కెట్లోనే, నేలమాళిగలో ఉన్న రిపేరు షాపుకి వెళ్ళాను. దాన్ని నడిపే ఆవిణ్ణి అందరూ టీచరమ్మ అంటారు. ప్రశ్నలన్నిటికీ జవాబు చెప్పందే ఎవరికీ ఏమీ అమ్మదు.

"మానిటర్ ఏమిటన్నయ్యా?"

"పాతదే. మామూలు ఫుల్ హెచ్‌డీ."

"పవర్ సప్లై?"

"నాలుగు వందల యాభై వాట్లు."

"కంప్యూటర్ డబ్బా లోపల ఖాళీ ఎంత?"

"ఇరవై నాలుగు సెంటీమీటర్లు. ముందు ఫ్యాను తీసేస్తే ఇరవై ఆరు."

ఆవిడ తలెత్తి నన్ను గౌరవంగా చూసింది. కొలుచుకుని వచ్చిన మొదటి మనిషివి నువ్వే అంది. తర్వాత మూడు కార్డులు తెచ్చి బల్ల మీద పెట్టింది. పెద్దదాన్ని నేను ముట్టుకోకముందే పక్కకి జరిపేసింది. "దీనికి పవర్ సప్లై మార్చాలి, దాని కోసం డబ్బా మార్చాలి, ఆ తర్వాత నువ్వు ఇల్లు మారాలి. వద్దులే." ఇక మిగిలినవి రెండు. ఒకటి సీలు విప్పని చిన్న కార్డు, నాలుగు జీబీ మెమరీ. రెండోది ఎవరో వాడి అమ్మేసింది, ఎనిమిది జీబీ. రెంటి ధరా ఇంచుమించు ఒక్కటే.

"కుదుపు పోతే చాలంటే కొత్తది పట్టుకెళ్ళు, గ్యారంటీ ఉంది. కానీ ఆ పొగ ఇంచుమించు అలాగే ఉంటుంది. దూరం కూడా కనిపించాలంటే ఈ పాతది. ఫ్యాను కాస్త మూలుగుతుంది, మూడు నెలలు పూచీ నాది. నీకేం కావాలో నువ్వు తేల్చుకో."

పాతదాని ఫ్యానుని వేలితో తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాను. బేరింగు అరిగింది గాని చావలేదు. చుక్క నూనె వేస్తే ఏడాది లాగుతుంది. అయినా వెంటనే తేల్చుకోలేకపోయాను. అమ్మాయి ఏనాడూ దూరం గురించి అడగలేదు. నేను నత్తిగా నడవకపోతే చాలు. కొత్తది చేతిలోకి తీసుకున్నాను కూడా. అప్పుడు ఇంకో ఆలోచన వచ్చింది.

"పాతదే ఇవ్వు చెల్లెమ్మా. పక్కన ఆడపిల్ల ఉంటుంది. ఎవడైనా దూరం నుంచి వస్తుంటే ముందే కనిపించాలి కదా" అన్నాను.

శనివారం సెలవు పెట్టి కార్డు బిగించాను. ఫ్యానుకి నూనె వేశాను, వైర్లు వెనక్కి కట్టాను. ఆట తెరిచి దూరాన్ని పైదాకా పెంచాను. పొగ పోయింది. గుడిసె తలుపు దగ్గర నిలబడి చూస్తే ఎదురుగా సముద్రం ఉంది, వెనక చెట్లతో పెద్ద కొండ ఉంది. ఏడాదిన్నరగా కొండ కింద కాపురముంటున్నామని నాకా రోజు తెలిసింది. తల అటు తిప్పాను, ఇటు తిప్పాను, ఎక్కడా కుదుపు లేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మనిషినన్నాక ఒక్కరోజైనా సంతోషపడాలి కదా, ఆ రోజు పడ్డాను.

అమ్మాయికి ముందే చెప్పలేదు. ఆడుతుంటే తనే కనిపెట్టాలని నా సరదా.

ఆదివారం మూడింటికి వచ్చింది. గొడ్డళ్ళు పట్టుకుని కట్టెలకి బయల్దేరాం. కాసేపయ్యాక, "ఇవాళ నువ్వు బాగా నడుస్తున్నావే!" అంది.

"నెట్ బావున్నట్టుంది" అన్నాను, నవ్వు ఆపుకుంటూ.

అప్పుడు చూశాను వాణ్ణి. కొండ మొదట్లో ఒక బండ మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో తుపాకీ. మావైపే చూస్తున్నాడు. మేం చెట్ల వెంబడి కుడివైపు జరిగితే లేచి తనూ అటే జరిగాడు. మేం ఆగితే ఆగాడు. ఒళ్ళంతా భగ్గుమంది. ఎప్పట్నుంచి మాటు వేశాడో, నా కూతురి వెనక పడ్డాడు. అమ్మాయి వాళ్ళ బడిలో జరగబోయే పాటల పోటీ గురించి చెబుతోంది. దాన్ని కంగారు పెట్టడం ఇష్టంలేక ఊఁ కొడుతూనే భుజం మీంచి తుపాకీ తీశాను. అమ్మాయే రెండు నెలలు ఇనుము ఏరి నాకు చేసిచ్చిన తుపాకీ అది. దాంతో నేను ఆనాటి దాకా ఒక్క కుందేలుని కూడా కొట్టింది లేదు. ఎప్పుడు గురి చూసినా తెర గెంతేది.

ఆ రోజు గెంతలేదు. గురి కుదిరింది. ఒక్కటే దెబ్బ. బండ మీంచి వెనక్కి పడ్డాడు.

"పడ్డాడు! పడగొట్టేశాను!" అని కుర్చీలోంచి లేచి అరిచాను.

"డాడీ!" అని కేక పెట్టింది మా అమ్మాయి.

నన్ను అది డాడీ అని ఎన్నడూ పిలవలేదు. నేను నాన్ననే. ఆ కేక నా కోసం కాదని అర్థమవడానికి ఒక క్షణం పట్టింది. ఆ క్షణంలో నేను "ఏం భయం లేదమ్మా" అనేశాను కూడా.

"నాన్నా, ఎందుకు కాల్చావ్? ఆయన అంకుల్!" అంది. సర్దుకుని మాట మార్చింది పాపం, నా కోసం.

"ఏ అంకుల్?" అన్నాను. ఏ అంకులో నాకు తెలుసు.

అది ఏడుస్తూనే చెప్పింది. నాతో ఒంటరిగా మాట్లాడడానికి వాళ్ళమ్మ ఒప్పుకోలేదట. పెద్దవాళ్ళెవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలందట. అంకుల్ నేనుంటానన్నారట, పక్క గదిలోంచి ఆడుతూ, మా మాటలు వినపడనంత దూరంలో, నాకు కనిపించనంత దూరంలో. నాకు ఎంత దూరం కనిపిస్తుందో అమ్మాయికి బాగా తెలుసు, ఆ సెట్టింగు పెట్టింది అదే కదా.

"ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచీ."

"ప్రతి ఆదివారం?"

"ఊఁ. చెబితే నీకు కోపం వస్తుందని చెప్పలేదు."

"తోడేళ్ళు..." అని ఆగిపోయాను.

"ఆయనే నాన్నా. కొండ వైపు నుంచి వస్తాయి. రాగానే ఆయన చంపేసేవారు."

హెడ్‌ఫోన్లలో అవతల తలుపు తీసిన చప్పుడు, మగ మనిషి మెల్లగా ఏదో అనడం వినిపించాయి. అమ్మాయి మళ్ళీ మైకు దగ్గరికి వచ్చింది.

"ఆయనకేం కోపం రాలేదు నాన్నా. నవ్వుతున్నారు. ఒడ్డు నుంచి నడిచి వస్తారట, నీతో ఒకసారి మాట్లాడతారట. నువ్వు కోప్పడవు కదా?"

"కోప్పడను."

"ఒట్టు?"

"ఒట్టు" అన్నాను. అన్నప్పుడు అబద్ధం చెప్పలేదు.

ఒడ్డు నుంచి మా గుడిసెకి నాలుగు నిమిషాల నడక. పాత కార్డయితే చివరి యాభై అడుగుల్లో గాని కనిపించేవాడు కాదు. ఇప్పుడు ఇసుకలో లేచి నిలబడిన దగ్గర్నుంచి కనిపిస్తున్నాడు. వట్టి చేతులు, చిరుగుల చొక్కా. తిన్నగా నడిచి వస్తున్నాడు. ఆ నాలుగు నిమిషాలూ నేను ఆలోచించాను, ఆలోచించలేదని చెప్పను. షాపు కట్టేసి, ఆదివారం పూట ఒళ్ళు వాల్చకుండా, ఎవరి కూతురినో దాని సొంత తండ్రితో ఆడుకోనివ్వడానికి బండ మీద కూర్చుని తోడేళ్ళని చంపిన మనిషి. అంతకంటే మంచివాడు నాకు తారసపడలేదు. అదే నేను భరించలేకపోయాను. చెడ్డవాడైతే నాకు ఏదో ఒక దారి ఉండేది. ఆ కేక చెవిలో మోగుతూనే ఉంది. నన్నెవరైనా ఎక్కడైనా కాలిస్తే నా కూతురు నా కోసం అలా కేక పెట్టదు.

ఆయన వంతెన దాటాడు. ముప్పై అడుగుల దూరంలో ఆగి చేతులు రెండూ పైకెత్తాడు. అమ్మాయి మా ఇద్దరికీ మధ్య కాస్త పక్కగా నిలబడింది.

"నమస్కారమండీ" అన్నాడు. మెత్తటి గొంతు. "ముందే చెప్పాల్సింది, తప్పు నాదే. నేను..."

కాల్చాను.

ఈసారి గురి చూడాల్సిన పని కూడా లేకపోయింది. మనిషి అక్కడే కుప్పకూలాడు. నా గదిలో ఫ్యాను మూలుగు తప్ప ఇంకేం వినిపించలేదు.

"వేలు తగిలిందమ్మా. చూసుకోలేదు" అన్నాను.

అమ్మాయి బొమ్మ నాకు ఎదురుగా ఉంది. గాలికి జుట్టు కదలడం, కోటు గుండీలు, అన్నీ కనిపిస్తున్నాయి. ఒక అడుగు వెనక్కి వేసింది. మళ్ళీ ఇంకొకటి వేసింది. నా వైపు నుంచి కళ్ళు తిప్పకుండా, తోడేలు ఎదురైతే ఎలా నడవాలని నాకు నేర్పిందో అలాగే వెనక్కి నడిచింది.

"నిజంగానే, అమ్మా. ఒక్క మాట విను."

"నేను వెళ్తున్నా" అంది. వెళ్ళిపోయింది.

తర్వాత మూడు ఆదివారాలు మూడింటికే కూర్చున్నాను. సముద్రం దాకా ఎవరూ లేరు. మెసేజ్ పెడితే చూసినట్టు గుర్తు వస్తుంది, జవాబు ఉండదు. మధ్యలో ఒకరోజు మార్కెట్లో టీచరమ్మ కనిపించి కార్డు ఎలా ఉందన్నయ్యా అని అడిగింది. బ్రహ్మాండంగా ఉంది అన్నాను. ఆ కార్డు పీకి నేలకేసి కొడదామని రెండుసార్లు డబ్బా విప్పాను. రెండుసార్లూ మళ్ళీ మూత బిగించాను. దాని తప్పేముంది, చూపించమన్నది చూపించింది.

నాలుగో ఆదివారం ఒడ్డున ఎవరో లేచి నిలబడ్డారు. అమ్మాయే అనుకున్నాను. కానీ నడక చూడగానే ఆయనే అని తెలిసింది. తుపాకీ పెట్టెలో పెట్టేసి, గుడిసె బయట చేతులు ఖాళీగా ఉంచుకుని నిలబడ్డాను. ఈసారి ఆయన దగ్గరికొచ్చి ఆగాడు. మళ్ళీ కాలుస్తానేమో అన్న భయం ఆయనకి లేదు, ఆయన పోగొట్టుకునేది ఏముంది కనక.

"పాప రానంటోందండీ" అన్నాడు. "చెప్పి చూశాం. నేనూ చెప్పాను, వాళ్ళమ్మా చెప్పింది."

"ఆవిడ కూడానా?"

"ఆవిడే ముందు చెప్పింది. పాప రెండు రోజులు అన్నం సరిగ్గా తినకపోయేసరికి భయపడింది."

"మొదటిసారి మీరెవరో నాకు తెలియదు" అన్నాను.

"ఆ సంగతి పాపకి తెలుసండీ. దాని గురించి మిమ్మల్ని ఒక్క మాట అనలేదు. రెండోదే... ఇన్నాళ్ళూ మా ఇంట్లో మీ తరఫున పోట్లాడేది అదొక్కతేనండీ. మీరు మనుషుల్ని ఏమీ చెయ్యరని, నోరే తప్ప చెయ్యి చేసుకోరని వాళ్ళమ్మతో వాదించేది. నేనూ నమ్మాను. ఇప్పుడు ఎవరైనా మీ మాట ఎత్తితే లేచి పక్క గదిలోకి వెళ్ళిపోతోంది."

నేను అరవలేదు. అరవడానికి నా దగ్గర ఏమీ లేదు. నా గొంతు నాకే కొత్తగా, చిన్నగా వినిపించింది.

"క్షమించమన్నానని చెబుతారా? కావాలనే కాల్చానని కూడా చెప్పండి. వేలు తగల్లేదని."

"అది దానికి తెలుసండీ" అన్నాడాయన. "చెప్పడమైతే చెబుతాను."